చదువు-కొలువు: డిగ్రీ సగం, డ్యూటీ నిండా

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ విశాఖవే. పరవాడ, గాజువాక, మధురవాడ, పాత పోస్టాఫీసు. రాసినవాళ్ల పనులు వేరైనా అడిగింది ఇంచుమించు ఒకటే: ఉద్యోగం చేస్తూ డిగ్రీ పూర్తి చేయాలా, వదిలేయాలా? ఒకేలా ఉన్న ఉత్తరాలను కలిపి, పేర్లు తీసేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నా వయసు 27. పరవాడ ఫార్మా సిటీలో ఒక కంపెనీ ప్యాకింగ్ సెక్షన్లో చేస్తున్నాను. మూడు షిఫ్టులూ తిరుగుతాయి. బీకాం 2016లో చేరాను, 2019లో అయిపోవాలి, నాలుగు పేపర్లు ఉండిపోయాయి. ఇంట్లో ఇబ్బందులొచ్చి ఉద్యోగంలో చేరిపోయాను. ఇప్పుడు ఆ నాలుగూ రాయమంటారా, ఓపెన్‌లో మొదటి నుంచి చేరమంటారా? అసలు ఈ డ్యూటీల్లో చదివేదెప్పుడు?
- ఒక పాఠకుడు, కూర్మన్నపాలెం

జవాబు: ముందు ఆ నాలుగు పేపర్ల సంగతి తేల్చండి. అవి రాసే దారి మూసుకుపోయిందని పరీక్షల విభాగం చెప్పాకే కొత్త అడ్మిషన్ గురించి ఆలోచించండి. లెక్క వేస్తే మీకే తెలుస్తుంది. కొత్తగా మూడేళ్ల డిగ్రీలో చేరితే 120 క్రెడిట్లు. దూరవిద్యలో ఒక్కో క్రెడిట్‌కు 30 గంటల చదువు అని లెక్కగడతారు. అంటే 3,600 గంటలు. మీ పాత పేపర్లు పూర్తిగా మర్చిపోయారనుకుని ఒక్కోదానికి 100 గంటలు వేసుకున్నా 400 గంటలే. తొమ్మిదో వంతు పనితో అదే డిగ్రీ చేతికొస్తుంటే మళ్లీ మొదటి మెట్టు దగ్గరికి వెళ్లడం దేనికి?

మార్కుల మెమోలన్నీ బయటికి తీసి, తప్పిన ప్రతి పేపరుకూ మూడు విషయాలు ఒక కాగితం మీద రాసుకోండి: పేపరు కోడ్, అది ఏ సెమిస్టర్‌ది, ఇంటర్నల్ మార్కులు ఎన్ని వచ్చాయి. మీ బ్యాచ్‌కు చాలా కాలేజీల్లో మిడ్ పరీక్షలకు 25, సెమిస్టర్ చివరి పరీక్షకు 75 మార్కులు ఉండేవి. మామూలుగా పాత ఇంటర్నల్ మార్కులే కలుపుతారు కాబట్టి 75లో మీకు ఎన్ని కావాలో ఇప్పుడే తెలిసిపోతుంది. ఇక సెమిస్టర్ సంగతి. సాధారణంగా 1, 3, 5 సెమిస్టర్ల పేపర్లు ఒక సీజన్లో, 2, 4, 6 పేపర్లు ఇంకో సీజన్లో పెడతారు. మీ నాలుగూ 3, 5 సెమిస్టర్లవైతే ఒక్క సీజన్లో ముగించవచ్చు. ఒక్కటి ఆరో సెమిస్టర్‌ది ఉన్నా దానికోసం ఇంకో ఆరు నెలలు ఆగాలి. ఈ తేడా చూసుకోకుండా 'ఈ డిసెంబరుకల్లా డిగ్రీ వచ్చేస్తుంది' అని కంపెనీలో చెప్పేసి, తరవాత ఇబ్బంది పడేవాళ్లు చాలామంది.

తరవాత కాలేజీకి వెళ్లండి. పాత హాల్‌టికెట్ నంబరు, మెమోల జిరాక్సులు, ఒక ఫోటో దగ్గర పెట్టుకోండి. అడగాల్సినవి ఇవి. మా బ్యాచ్‌కు సప్లీ రాసే గడువు ఇంకా ఉందా? లేకపోతే పాత బ్యాచ్‌లకు ప్రత్యేక అవకాశం ఇస్తూ నోటిఫికేషన్ ఏమైనా వచ్చిందా, వస్తుందా? ప్రశ్నపత్రం పాత సిలబస్ మీద ఇస్తారా, సమానమైన కొత్త పేపరు రాయాలా? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. రాష్ట్రంలో డిగ్రీ సిలబస్ 2020-21లో ఒకసారి మారింది, 2023-24లో ఒక ప్రధాన సబ్జెక్టు, ఒక ఉప సబ్జెక్టు ఉండే మేజర్-మైనర్ పద్ధతి వచ్చి మళ్లీ మారింది. ద్వారకానగర్ పుస్తకాల షాపులో 'బీకాం ఫలానా సెమిస్టర్' అని అడిగితే ఇప్పుడు నడుస్తున్న పుస్తకమే చేతిలో పెడతారు. మీ పేపరు పేరు, దీని పేరు ఒకటే అయినా లోపల అధ్యాయాలు వేరుగా ఉండొచ్చు. పాత సిలబస్ కాగితం చేతిలో పెట్టుకోనిదే పుస్తకం కొనకండి.

మీ కాలేజీ అటానమస్ అయితే పరీక్ష పెట్టేది కాలేజీయే, యూనివర్సిటీ చుట్టూ తిరిగి లాభం లేదు. కాలేజీ మూతపడితే మాత్రం దాని విద్యార్థులను ఏ కాలేజీకి కలిపారో యూనివర్సిటీ పరీక్షల విభాగంలోనే తెలుస్తుంది. పాత బ్యాచ్‌ల ప్రత్యేక అవకాశం గురించి పేపర్లో ఒక చిన్న వార్త వస్తుంది, ఫీజు గడువు రెండు మూడు వారాలుంటుంది, అంతే. మీరు నైట్ డ్యూటీల్లో ఉండగా అది దాటిపోతుంది. కాలేజీలో పరీక్షల పని చూసేవారి నంబరు తీసుకుని నెలకోసారి ఫోన్ చేయడం కాస్త మొహమాటంగా ఉన్నా, ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి లేదు.

ఇక షిఫ్టులు. కంపెనీ బస్సులో చదువుతానని మొదట్లో అందరూ అనుకుంటారు. అగనంపూడి దాటేలోపే తల కిటికీకి ఆనుతుంది. ఆ నిద్ర మీకు అవసరం, పోనివ్వండి. ఇంట్లో కూర్చునే గంటలనే లెక్కలోకి తీసుకోండి.

'ఏ' షిఫ్టు వారం, అంటే ఉదయం 6 నుంచి 2: ఇంటికొచ్చేసరికి మూడవుతుంది. భోంచేసి ముప్పావుగంట పడుకుని, 5 నుంచి 7 దాకా చదవండి. ఉదయం నాలుగింటికే లేవాలి కాబట్టి రాత్రి తొమ్మిది దాటాక పుస్తకం ముట్టుకోవద్దు. ఐదు రోజులకు 10 గంటలు. బీ షిఫ్టు, 2 నుంచి 10: మీకు దొరికే మంచి వారం ఇదే. ఉదయం 8 నుంచి 11 దాకా మూడేసి గంటలు, ఐదు రోజులకు 15. అకౌంట్స్ లెక్కలు, అర్థం కాని అధ్యాయాలు ఈ వారానికే దాచుకోండి. సీ షిఫ్టు, రాత్రి 10 నుంచి 6: ఇంటికి రాగానే చదవబోవడం పెద్ద తప్పు. అప్పుడు చదివింది సాయంత్రానికి గుర్తుండదు, పైగా నిద్ర చెడుతుంది. ఏడున్నరకు పడుకుని ఒకటిన్నరకు లేచి, 4 నుంచి 6 దాకా తేలిక పని పెట్టుకోండి. పాత ప్రశ్నపత్రాలు చూసి ప్రశ్నలను అధ్యాయాలవారీగా నోట్సులో ఎక్కించడం, నిర్వచనాలు రాసుకోవడం లాంటివి. నాలుగు రోజులు కుదిరితే 8 గంటలు. షిఫ్టు మారే రోజు ఏమీ పెట్టుకోవద్దు.

మూడు వారాలకు 33 గంటలు, అంటే సగటున వారానికి 11. మీకు కావాల్సిన 400 గంటలకు ఇంచుమించు 36 వారాలు, అంటే ఎనిమిది నెలల పైమాటే. రిలీవర్ రాలేదని వారానికి రెండుసార్లు డబుల్ డ్యూటీ పడితే ఈ 11 కాస్తా ఏడుకు దిగుతుంది, 36 వారాలు 57 అవుతాయి. ఓటీ డబ్బు అవసరమైతే చేయండి, తప్పులేదు. అప్పుడు రెండు పేపర్లు ఈ సీజన్లో, రెండు వచ్చే ఏడు అదే సీజన్లో అని ముందే విడదీసుకోండి.

పరీక్ష రోజు గురించి కూడా చెప్పుకోవాలి. పొద్దున పదింటి పరీక్షకు బీ షిఫ్టు సరిపోతుందనిపిస్తుంది. కానీ ఒంటిగంటకు హాలు నుంచి బయటపడేసరికి మీ బస్సు వెళ్లిపోతుంది. మధ్యాహ్నం రెండింటి పరీక్షకు 'ఏ' షిఫ్టు అడ్డం. సీ షిఫ్టు చేసి నేరుగా హాలుకు వెళ్తే మూడో ప్రశ్నకల్లా కళ్లు మూతలు పడతాయి. కాబట్టి పేపరుకు ఒక సెలవు, ముందురోజు సీ షిఫ్టైతే ఆ రాత్రికి ఇంకొకటి. నాలుగు పేపర్లకు ఐదారు సెలవులు చేతిలో ఉండాలి. ప్రైవేటు కంపెనీ పరీక్షల సెలవు ఇచ్చి తీరాలన్న చట్టమేమీ లేదు. ఫ్యాక్టరీ కార్మికులకు ప్రతి 20 రోజుల పనికి ఒక ఎర్న్‌డ్ లీవ్ జమవుతుంది, దాన్నే వాడుకోవాలి. పండగలకు ఖర్చు చేసేయకుండా ఆరు మిగుల్చుకోండి. టైంటేబుల్ రాగానే దాని కాపీ జతచేసి కనీసం పదిహేను రోజుల ముందు కాగితం మీద అడగండి. షిఫ్టు ఇన్‌చార్జికి నోటిమాటగా చెప్పి ఊరుకుంటే, ఆయన మారిన వారమే మీ పరీక్ష వస్తుంది!

ప్రశ్న: ఇంటర్ 2009లో పాసయ్యాను. పెళ్లి, పిల్లలు, తరవాత ఉద్యోగం. రుషికొండ వైపు ఒక బీపీవోలో తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. టీమ్ లీడర్ పోస్టుకు నా పేరు రెండుసార్లు వచ్చి, డిగ్రీ లేదని ఆగిపోయింది. దూరవిద్యలో చేరదామంటే 'ఆ డిగ్రీకి విలువుండదు, డబ్బు దండగ' అని మావారు అంటున్నారు. వయసు 34.
- ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: విలువ లేదన్న మాట అన్ని డిగ్రీలకూ వర్తించదు. యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2020 నిబంధనల ప్రకారం, అనుమతి ఉన్న సంస్థ దూరవిద్యలో లేదా ఆన్‌లైన్లో ఇచ్చే డిగ్రీ, కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమే. మెలిక 'అనుమతి ఉన్న' అన్న మాట దగ్గరుంది. అనుమతి యూనివర్సిటీకి గంపగుత్తగా ఉండదు. ఈ కోర్సుకు, ఈ విద్యా సంవత్సరానికి అని ఉంటుంది. పేరున్న యూనివర్సిటీలోనే ఒక కోర్సుకు ఉండి ఇంకోదానికి లేకపోవచ్చు. యూజీసీ దూరవిద్యా బ్యూరో, అంటే డెబ్ వెబ్‌సైట్లో యూనివర్సిటీ పేరు, మీరు చేరే జనవరి లేదా జులై సెషన్, మీ కోర్సు, మూడూ ఒకే వరసలో కనిపించాలి. ఆ పేజీని ప్రింటు తీసి దాచండి. నాలుగేళ్ల తరవాత వెరిఫికేషన్‌లో అడిగితే అదే మీ సాక్ష్యం.

2024 నుంచి ఇంకో కట్టుబాటు వచ్చింది. దూరవిద్యలో చేరాలంటే విద్యార్థి స్వయంగా డెబ్-ఐడీ తీసుకోవాలి. దానికి ముందు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ, అంటే విద్యార్థి క్రెడిట్లు జమయ్యే ఆన్‌లైన్ ఖాతా నంబరు ఉండాలి. 'అవన్నీ మేం చూసుకుంటాం, మీరు డబ్బు కట్టండి చాలు' అన్న కన్సల్టెన్సీ దగ్గర అక్కడితో ఆగిపోండి. 'ఒక్క ఏడాదిలో డిగ్రీ', 'వెనకటి తేదీతో అడ్మిషన్' అని చెప్పేవాళ్లు అమ్మేది కాగితం మాత్రమే. యూజీసీ ప్రకటించిన నకిలీ యూనివర్సిటీల జాబితాలో విశాఖ చిరునామా కూడా ఉంది కాబట్టి, ఊళ్లోదే కదా అన్న నమ్మకం పనికిరాదు.

మన ఊళ్లో ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్య 1972 నుంచి నడుస్తోంది. ఇందిరాగాంధీ జాతీయ ఓపెన్ యూనివర్సిటీ, అంటే ఇగ్నో ప్రాంతీయ కేంద్రం కూడా విశాఖలోనే ఉంది. రెంటిలో ఏదైనా, మీలాంటివాళ్లు బీఏ లేదా బీకాం తీసుకోవడమే మేలు. బీఎస్సీ అంటే ల్యాబ్ హాజరు ఉంటుంది, లీవులు చాలవు. చేరే ముందు మీ హెచ్ఆర్‌కు ఒక మెయిల్ పెట్టి జవాబు తెప్పించుకోండి: ప్రమోషన్‌కు దూరవిద్య డిగ్రీ ఒప్పుకుంటారా, కనీస మార్కుల శాతం ఉందా, చివరి ఏడాది చదువుతున్నవారిని పరిగణిస్తారా? చివరి ప్రశ్నకు అవునని వస్తే మీకు ఒక ఏడాది కలిసొస్తుంది.

మీరు ఎంత సమయం పెట్టగలరు? ఏడాదికి 40 క్రెడిట్లంటే 1,200 గంటలు, వారానికి 23. పిల్లలు, ఉద్యోగం పెట్టుకుని వారానికి 23 గంటలు ఎవరి వల్లా కాదు, అది మీ లోపం కాదు. మూడేళ్ల కోర్సుకు ఇగ్నో ఆరేళ్ల దాకా సమయమిస్తుంది. ఐదేళ్లకు పరిస్తే వారానికి 14 గంటలు. వారంలో నాలుగు రోజులు రెండేసి గంటలు, ఆదివారం పొద్దున మూడు, మధ్యాహ్నం మూడు. ఆదివారం ఇంట్లో కుదరదనుకుంటే ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీ ఉంది. ఆ ఆరు గంటలు పిల్లల్ని చూసుకోవడం మీవారి పని అని ముందే మాట్లాడుకోండి. డబ్బు దండగ కాకుండా ఉండాలంటే ఆయన చేయగల సాయం అదే.

ఇగ్నోలో ఎక్కువమంది దెబ్బతినేది పరీక్షల దగ్గర కాదు, అసైన్‌మెంట్ల దగ్గర. మొత్తం మార్కుల్లో 30 శాతం అసైన్‌మెంట్లకు, 70 శాతం పరీక్షకు. రెండింట్లోనూ విడివిడిగా గట్టెక్కాలి. అసైన్‌మెంట్ ఇవ్వకపోతే పరీక్ష ఎంత బాగా రాసినా ఆ కోర్సు పూర్తవదు. మొదటి ఏడాది తప్పినా రెండో ఏడాదికి ఫీజు కట్టి రీ-రిజిస్ట్రేషన్ చేసుకోవచ్చు. సౌకర్యమే, కానీ ఇదే గొయ్యి. మొదటి ఏడాది అసైన్‌మెంట్లు 'తరవాత చూద్దాం' అనుకుంటారు, రెండో ఏడాది రెండేళ్లవీ కలిసి మీద పడతాయి, మూడో ఏడాదికి మెటీరియల్ కట్టలు అటక ఎక్కుతాయి. దీనికి మందు, కోర్సు మెటీరియల్ అందిన వారమే ఒక్క అసైన్‌మెంట్ మొదలుపెట్టి, రెండు వారాలకొకటి చొప్పున ముగించడం. అసైన్‌మెంట్ రాస్తే సగం పాఠం చదివినట్టే, వేరే నోట్సు అక్కర్లేదు.

పరీక్షలు జూన్, డిసెంబరుల్లో. వాటికి సంబంధించిన అసైన్‌మెంట్ల గడువు మార్చి-ఏప్రిల్, సెప్టెంబరు-అక్టోబరు ప్రాంతంలో పడుతుంది. పొడిగిస్తుంటారు, నిజమే, పొడిగింపును నమ్ముకుని మాత్రం కూర్చోవద్దు. ప్రశ్నలు సెషన్‌ సెషన్‌కు మారతాయి, పాతవి రాసిస్తే చెల్లవు. చేత్తో రాయండి, కోర్సుకొక ఫైలు వేరుగా పెట్టండి. మొదటి పేజీలో ఎన్‌రోల్‌మెంట్ నంబరు, కోర్సు కోడ్, స్టడీ సెంటర్ కోడ్ తప్పుల్లేకుండా ఉండాలి. ఇంకొకరిది చూసి దించితే ఇద్దరివీ తిప్పికొడతారు. ఇచ్చేముందు ప్రతి పేజీకీ ఫోటో తీసి, ఇచ్చాక రసీదు తీసుకోండి. ఇచ్చిన అసైన్‌మెంట్ మార్కులు గ్రేడ్‌కార్డులో ఎక్కకపోవడం అరుదేమీ కాదు. రసీదు ఉంటే ఒక మెయిల్‌తో పోయే పని, లేకపోతే మళ్లీ రాయాల్సి రావచ్చు.

వయసు గురించి రాయలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. బ్యాంకు క్లర్కుకు జనరల్‌లో 28, పీవోకు 30 దాటకూడదు కాబట్టి ఆ దారి వదిలేయండి. 2023 డిసెంబరులో వచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్‌లో జనరల్ అభ్యర్థుల గరిష్ఠ వయసు 42. మీ డిగ్రీ 39కల్లా చేతికొస్తే ఆ తలుపు ఇంకా కొంచెం తెరిచే ఉంటుంది. కానీ మీ ఉత్తరం చూస్తే అసలు లక్ష్యం టీమ్ లీడర్ పోస్టే అనిపిస్తోంది. దానికే చేరండి.

ప్రశ్న: డిప్లొమా మెకానికల్. గాజువాకలో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్‌ని, ఆరేళ్లైంది. పని మానకుండా దూరవిద్యలో బీటెక్ చేయిస్తామని ఒకరు మూడు లక్షలు అడుగుతున్నారు. కట్టొచ్చా?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కట్టకండి. ఇంజినీరింగ్ డిగ్రీని దూరవిద్యలో ఇవ్వడానికి అనుమతి లేదు. 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు ఈ విషయంలో గట్టి తీర్పే ఇచ్చింది. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ అనుమతి లేకుండా డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్ పట్టాలు నమ్ముకుని ప్రమోషన్లు తీసుకున్నవాళ్లు కూడా చిక్కుల్లో పడ్డారు. ఏఎంఐఈ, అంటే ఇంజినీర్ల సంస్థ పెట్టే పరీక్షలు రాద్దామా అని కొందరు అడుగుతారు. 2013 మే 31 లోపు చేరినవారికే దానికి బీటెక్‌తో సమాన హోదా, ఇప్పుడు చేరితే ఆ పని జరగదు.

సరైన దారులు రెండు. డిప్లొమావాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి లేటరల్ ఎంట్రీ ఒకటి, కాకపోతే ఉద్యోగం మానాలి. రెండోది 2023-24 నుంచి ఏఐసీటీఈ తెచ్చిన ఉద్యోగుల బ్యాచ్. కనీసం ఏడాది పూర్తికాల అనుభవం ఉన్న డిప్లొమావాళ్లకు, కాలేజీకి నిర్ణీత దూరంలో పనిచేసేవాళ్లకు, సాయంత్రాలు, సెలవు రోజుల్లో క్లాసులు. ఇది దూరవిద్య కాదు, హాజరు ఉంటుంది. కాలేజీకి వెళ్లినప్పుడు ఏఐసీటీఈ ఈ ఏడాది ఇచ్చిన అనుమతి పత్రం చూపించమనండి. అందులో మీ బ్రాంచి ఎదురుగా ఉద్యోగుల బ్యాచ్ అని, సీట్ల సంఖ్య ఉండాలి. లేకపోతే మాటలు వినక్కర్లేదు.

మీకు అడ్డం వచ్చేది చదువుకన్నా రోడ్డు. సాయంత్రం ఆరింటికి గాజువాకలో బండి తీస్తే, ఫ్లైఓవర్ ఉన్నా సరే ఎన్ఏడీ దాటేసరికే సహనం నశిస్తుంది. ఫీజు కట్టే ముందు ఒక వారం, క్లాసు ఉన్నట్టే అనుకుని ఆ టైముకు కాలేజీ గేటు దాకా వెళ్లి రండి. ఐదు రోజుల్లో మూడు రోజులైనా సమయానికి చేరలేకపోతే, షట్‌డౌన్ పనుల సీజన్లో అసలు చేరలేరు. కాంట్రాక్టరు నుంచి అనుభవ పత్రం, అభ్యంతరం లేదన్న లేఖ కూడా అడగాలి. జీతం చేతికి నగదుగా ఇచ్చే చోటైతే అనుభవం నిరూపించడం కష్టం. పీఎఫ్ పాస్‌బుక్ ఉంటే ఆ బాధ లేదు.

ప్రశ్న: పాత పోస్టాఫీసు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీలో అకౌంట్స్ చూస్తాను. 4 ఏళ్ల 7 నెలలైంది. దూరవిద్య బీకాం చివరి ఏడాది. వయసు 25. ఉద్యోగం మానేసి చదువు ముగించి, బ్యాంకు పరీక్షలకు కూర్చుందామని ఉంది. ఇంట్లో నా జీతం మీదే ముగ్గురం.
- ఒక పాఠకుడు, చిలకలపేట

జవాబు: ఈ నెలలో మాత్రం మానకండి. ఐదేళ్ల నిరంతర సర్వీసు నిండితే పర్మనెంట్ ఉద్యోగికి గ్రాట్యుటీ వస్తుంది. చివరి బేసిక్, డీఏ కలిపి 20,000 అనుకుంటే, దాన్ని 26తో భాగించి, 15తో, ఆపైన 5తో గుణించండి: 57,692 రూపాయలు. ఐదు నెలల కోసం దాన్ని వదులుకోవద్దు. పీఎఫ్‌కూ ఐదేళ్ల లెక్కుంది, అంతకన్నా ముందు తీస్తే పన్ను పడుతుంది. మానేసినా పీఎఫ్ తీయకుండా ఉంచి, తరవాతి ఉద్యోగానికి బదిలీ చేసుకోండి.

ఇంకో సంగతి. బ్యాంకు పరీక్షకు చదవడం, డిగ్రీ ముగించడం ఒకేసారి పెట్టుకోకండి. బ్యాంకు నియామకాలు జరిపే ఐబీపీఎస్ పరీక్షలకు దరఖాస్తు చేసే నాటికే డిగ్రీ పాసైన మెమో ఉండాలి. చివరి ఏడాది ఫలితం ఒక్క పేపరుకు ఆగినా ఆ ఏడాది పోయినట్టే. డిగ్రీ చివరి ఏడాదికి ఉద్యోగం అడ్డం కాదు, వారానికి 12 గంటలతో గట్టెక్కుతారు. బ్యాంకు ప్రిపరేషన్‌కే పూర్తి సమయం కావాలి. కాబట్టి ముందు డిగ్రీ, అప్పటికి ఐదేళ్లూ నిండుతాయి, ఆ తరవాత మానడం గురించి చూడండి. క్లర్కుకు 28 దాకా వయసుంది కాబట్టి మీకు రెండు, మూడు ప్రయత్నాలు దొరుకుతాయి. మానే రోజుకు ఇంటి ఖర్చు నెలకు 18,000 అనుకుంటే ఆరు నెలలకు 1,08,000 బ్యాంకులో ఉండాలి, గ్రాట్యుటీని అందులో కలపకండి. నోటీసు పీరియడ్ పూర్తిచేసి రిలీవింగ్ లెటర్ తీసుకోండి. షిప్పింగ్ అకౌంట్స్ తెలిసినవాళ్లకు ఈ ఊళ్లో మళ్లీ పని దొరుకుతుంది, గొడవపడి బయటికి రావద్దు.

ప్రశ్న: పదో తరగతి తరవాత ఐటీఐ చేశాను, ఇంటర్ లేదు. నేరుగా డిగ్రీలో చేరొచ్చంటున్నారు, నిజమేనా?
- ఒక పాఠకుడు, అచ్యుతాపురం

జవాబు: ఇగ్నోలో బీపీపీ అని ఆరు నెలల కోర్సు చేసి డిగ్రీలోకి వెళ్లే దారి ఉంది. అది ఇంటర్‌తో సమానం కాదు. రేపు ఉద్యోగ ప్రకటనలో 'పది, ఇంటర్, డిగ్రీ' అని వరసగా అడిగితే మధ్య మెట్టు లేనట్టవుతుంది. మా మాట వింటే ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీలో ఇంటర్ పూర్తిచేసి వెళ్లండి. ఒక ఏడాది ఆలస్యమవుతుంది, కానీ ఎవరూ వేలు పెట్టి చూపలేరు.

ప్రశ్న: పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు పూర్తిగా ఉంది. ఆధార్‌లో పెళ్లి తరవాత అత్తవారి ఇంటిపేరు పడింది. డెబ్-ఐడీ దగ్గర పేరు కలవడం లేదు. ఏది మార్చుకోవాలి?
- ఒక పాఠకురాలు, గోపాలపట్నం

జవాబు: ఆధార్‌ను మార్చుకోండి. పదో తరగతి మెమోలో పేరు మార్చడం చాలా కష్టం. పైగా ఇంటర్, డిగ్రీ అన్నీ దాని వెనకే నడుస్తాయి. కానీ ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు. పెళ్లప్పుడు ఒకటి వాడేసి ఉంటే మీకు మిగిలింది ఒక్కటే. సేవా కేంద్రంలో ఆపరేటరు టైపు చేశాక స్క్రీన్ మీది స్పెల్లింగును మెమో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడండి. ఇంటిపేరు ముందా వెనకా, మధ్యలో ఖాళీ ఉందా, ఆంగ్లంలో 'లక్ష్మి' చివర ఐయా వైయా అన్నవన్నీ సరిపోయాకే రసీదు తీసుకోండి. అది అప్‌డేట్ అయ్యాక బ్యాంకు, పీఎఫ్ ఖాతాల్లోనూ అదే పేరు ఉండేట్టు చూసుకుని, అప్పుడు డెబ్-ఐడీకి మళ్లీ ప్రయత్నించండి. అడ్మిషన్ గడువు చివరి వారం దాకా ఆగితే ఈ పని పూర్తికాదు, ఇవాళే మొదలుపెట్టండి.